ఈపో వెళ్లి జేబు పిస్తోలు ఎంచుకొచ్చిన వైనం

కిరాణి ఉద్యోగం అంటే గుమాస్తాగిరీ, కలం పట్టే పని. మలయా దేశంలో హుటాన్ మెలింటాంగ్ దగ్గరి రబ్బరు తోటలో పద్నాలుగేళ్లుగా నేను పట్టింది అదే. పోయిన నెల పక్క తోట కిరాణి బ్యాంకు నుంచి జీతాల సంచీ తెస్తుంటే, దొంగలు అడ్డగించి సంచీతోపాటు అతని ముందు పళ్లు రెండు కూడా ఊడగొట్టి పోయారు. మర్నాడే మా దొర నన్ను పిలిపించాడు.

“జేబులో పట్టే పిస్తోలు కొంటున్నాను. ఆదివారం ఈపోలో తుపాకీ పేల్చే మైదానంలో మూడు రకాలు చూపిస్తారు. ఒకటి ఎంచుకుని, పేల్చి, పరీక్ష నెగ్గినట్టు కాగితం పట్టుకురా. తేలేకపోతే సంచీ తెచ్చే పని రెండో కిరాణిది. పెద్ద కిరాణి ఇల్లు కూడా అతనిదే” అన్నాడు.

ఆ ఇల్లు మా తోటలో దొర బంగళా తర్వాత వాన కురవని ఏకైక ఇల్లు. చెక్క నేల, ముందు వరండా. మా ఆవిడ పార్వతమ్మ రోజూ ఆ నేలను అద్దంలా తుడుస్తుంది. “ఈ ఇల్లు పోతే నేను మా అన్నయ్య దగ్గరికి పోతాను” అని ముందే చెప్పేసింది. నేనా, దీపావళికి పక్కింటివాళ్లు టపాకాయ కాలిస్తే చెవులు మూసుకునే మనిషిని.

ఆదివారం తెల్లవారి అయిదున్నరకు బస్సెక్కాను. తోడుగా కంగాణి సింహాచలం వచ్చాడు. కంగాణి అంటే కూలీల మీద మేస్త్రీ. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే ఓడెక్కి వచ్చినవాడు, ఇప్పుడు అరవై దాటాయి. తోటలో పడ్డ అడవి పందుల్ని దొర తుపాకీతో కొట్టేది అతనే. తెలుక్ ఆన్సన్‌కి టిక్కెట్టు ముప్పై సెంట్లు. బస్సు నిండా చేపల బుట్టలు.

పిస్తోలు సంగతి పరమ రహస్యంగా ఉంచాలని అతనికి రెండుసార్లు చెప్పాను. మైలు దాటకముందే పక్క సీటు తమిళాయన “ఎక్కడికి?” అని అడిగాడు.

“మా కిరాణి బాబు పిస్తోలు కొనడానికెల్తన్నారు లా,” అని చివర ఇక్కడి మలాయివాళ్ల ‘లా’ తగిలించి బస్సంతా వినేట్టు చెప్పాడు సింహాచలం. “ఎవులికీ తెలీకూడదు!”

ఏడు గంటలకు తెలుక్ ఆన్సన్‌లో రైలెక్కాం. మూడో తరగతి బెంచీలు గట్టివే, కిటికీ గాలి మాత్రం బాగుంది. తాపా రోడ్డులో బండి మారాలి. అక్కడ అరగంట వ్యవధిలో అయిదు సెంట్లకు కొబ్బరిపాల అన్నం పొట్లం దొరుకుతుంది. ఎండు చేపల కారం వద్దనుకున్నవారు ముందే చెప్పుకోవాలి, నేను చెప్పక ఈపో దాకా నాలుక చాపుకుని కూర్చున్నాను. ఎదుటి బెంచీ మలాయి ముసలాయనకు కూడా సింహాచలం మన రహస్యం విప్పేశాడు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “దొంగ దగ్గరా పిస్తోలుంటే?” అన్నాడు. ఆ ముక్క దొరకు తట్టలేదు, నాకూ తట్టలేదు. మిగతా దారంతా అదే తట్టింది.

పది దాటాక ఈపోలో దిగి రిక్షాలో మైదానం చేరాం. సున్నపురాయి కొండ కింద ఇసుక కట్ట, దాని ముందు చెక్కకు అంటించిన కాగితం. మైదానం చూసే హవల్దారు పెద్ద గడ్డం సిక్కు. బజారు మలాయిలో మాట్లాడతాడు, అదీ అరిచే మాట్లాడతాడు.

బల్ల మీద మూడు పిస్తోళ్లు పరిచాడు. మొదటిది అగ్గిపెట్టెకు అన్నలా ఉంది, గుప్పిట మూస్తే కనబడదు. రెండోది పొట్టి రివాల్వరు, మధ్యలో గుండ్రటి బొజ్జ. మూడోది పలకలా చదునుగా ఉంది, బరువు మధ్యరకం.

“ముందు ఒంటి మీద దాచి, తీసి చూపించు. దాగనిదాన్ని కొని ఏం లాభం?” అన్నాడు హవల్దారు. అన్నీ ఖాళీవే, తూటాలు లేవు.

మనవాళ్లం విలువైనదేదైనా దోపుకునేది రొంటినే కదా. పంచె కట్టులో మొదటిదాన్ని దోపాను. రెండడుగులు వేసేసరికి అది కాలి వెంట జారి చెప్పు మీద పడింది. రెండోదాని బొజ్జకు నా బొజ్జ కూడా తోడై నిండు చూలాలిలా కనిపించాను. మూడోది కుదురుగా కూర్చుంది గాని, ఊడలాగబోతే పిస్తోలుతోపాటు పంచె కూడా వచ్చింది. హవల్దారు మర్యాదగా కొండవైపు తిరిగాడు. చివరికి కోటు లోపలి జేబే దిక్కయింది.

తర్వాత పేల్చడం. పది గజాల దూరం, ఒక్కోదానికి అయిదు తూటాలు. బుల్లిది కాల్చినప్పుడల్లా బొటనవేలి మొదలును కొరికింది, కాగితానికి ఒక్కటీ తగల్లేదు. రివాల్వరు మీట నొక్కడానికి నా రెండు వేళ్లూ చాల్లేదు, ఒకటి తగిలింది. చదునుది చేతిలో కుదిరింది, ఓ అంచున రెండు తగిలాయి. నేనే నమ్మలేకపోయాను.

“ఇదే నీది. కళ్లు మాత్రం తెరువు. భోజనం చేసొచ్చి పరీక్ష. అయిదు తూటాలకు మూడు తగలాలి” అని హవల్దారు తన రొట్టెల కోసం వెళ్లాడు. ఖాళీ పిస్తోలుకు సింహాచలాన్ని కాపలా పెట్టి నేను పంపు దగ్గర మొహం కడుక్కోవడానికి పోయాను.

తిరిగొచ్చి చూద్దును కదా, పిస్తోలు అరిటాకు మీద ఉంది. ఒళ్లంతా పసుపు, మూతి మీద కుంకుమ బొట్టు, చుట్టూ మందారాలు. సింహాచలం ఇంటి నుంచి మూటలో తెచ్చిన కర్పూరం వెలిగిస్తున్నాడు.

“ఏం చేశావు మావా!”

“ఏటి బాబూ అలగంతారు? కొత్త రబ్బరు గీత కత్తికి సేసినాం, ఆ పాలు తూసే కాటాకి సేసినాం. మీ సైకిలుకీ నానే గదా సేసినాను. దీనికి సెయ్యకపోతే తప్పు గాదా?”

నిజమే. మా తోటలో పూజ చేయకుండా ఏ పనిముట్టూ ముట్టుకోరు. కాని సైకిలుకు గొట్టం నిండా పసుపు ముద్ద పోదు కదా. హవల్దారు వచ్చి చూసి అరిచిన అరుపుకు కొండ మీది గబ్బిలాలు లేచాయి. గొట్టం మూసుకుపోయినదాన్ని కాలిస్తే చేతిలోనే పేలేదట. అతను దాన్ని విప్పి, కిరసనాయిలుతో కడిగాడు.

పరీక్షకు నిలబడ్డాను. కళ్లు తెరిచే పేల్చాను. అయిదింటికి రెండు.

“పసుపు వల్ల గురి చెడిందేమో!” అన్నాను ఆశగా.

“చూద్దాం. చెడగొట్టినవాడే కాల్చాలి,” అని హవల్దారు పిస్తోలును సింహాచలం చేతికిచ్చాడు. సింహాచలం నోట్లో వక్క ఓ బుగ్గకు నెట్టుకుని కాల్చాడు. కాగితం నడిమధ్య అయిదు చిల్లులు, ఒక అరచేత్తో మూయొచ్చు. హవల్దారు వెంటనే సింహాచలం పేరున కాగితం రాసి వేలిముద్ర వేయించాడు.

మూడున్నర బండెక్కాం. ఇల్లు పోయింది. పార్వతమ్మకు ఏం చెప్పాలి? తాపా రోడ్డు దాటాక సింహాచలం ఆ కాగితాన్ని రెండు చేతుల్తో చింపబోయాడు.

“నానేటీ కాల్సలేదని సెప్పేత్తాను బాబూ. మీరే నెగ్గినారు, కాయితం దారిలో పోనాదని సెప్దాం.”

చెయ్యి పట్టుకుని ఆపాను. అబద్ధమాడి ఇల్లు నిలుపుకుందామా అని ఒక్క క్షణం నాకూ అనిపించింది, దాచడమెందుకు?

తెలుక్ ఆన్సన్ స్టేషన్లో దొరే కనిపించాడు, రైల్లో వచ్చిన తన సారా పెట్టె దించుకుంటూ. కాగితం చదివి “సింహాచలమా?” అన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను, పంచె ఊడినది తప్ప.

సింహాచలం చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. “దొరా, ఆ బాబుకి పేల్సడం రాదు. నాకు లెక్క రాదు. ఇద్దరం కలిత్తే ఒక కిరాణి.”

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పగానే దొర నవ్వి నవ్వి పెట్టె మీద కూర్చున్నాడు. “సరే, సంచీ నువ్వు, పిస్తోలు అతను. కాని ఇల్లు? కాగితం తెచ్చినవాడిదేగా ఇల్లు. అడుగు, కావాలేమో.”

అడిగాను. సింహాచలం నోట్లో వక్కను ఓ బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు.

“ఇల్లొద్దు. ఆ సెక్కలు మా ఆడది తుడవలేదు. ఆదోరం పూట మీ వరండాలో కూకుని అమ్మగారి సేతి కాఫీ తాగుతాను. అది సాలు.”

పద్నాలుగేళ్లలో అతను మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చాడో లెక్కలేదు. వచ్చినప్పుడల్లా మెట్టు కిందే నిలబడి మాట్లాడి వెళ్లాడు. కూర్చోమని నేను ఒక్కసారీ అనలేదు. నాకు సిగ్గేసింది.

ఆఖరి బస్సులో తోటకు తిరుగుముఖం పట్టాం. ఈ దారిన వెళ్లేవారికి నేను చెప్పగలిగేది ఇంతే. రైళ్లు వేళకు నడుస్తాయి, ఈపోలో నీళ్లు తియ్యన, హవల్దారు అరిచినా మంచివాడు. పిస్తోళ్లలో చదునుదే మేలు, పంచెలో మాత్రం దోపకండి. పేల్చడం రానివారు వచ్చినవాణ్ణి వెంట తీసుకెళ్లండి, ఇంటికొస్తే కూర్చోబెట్టండి.

పార్వతమ్మ వరండాలో నిలబడి ఎదురుచూస్తోంది. “ఇల్లు మనదే” అని కేకేశాను. వెనక్కి తిరిగి సింహాచలానికి శెలవు చెబుదామని చూస్తే అతను వెనక లేడు. చెప్పులు మెట్టు కింద విడిచి, నాకంటే ముందే వరండా ఎక్కి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“ఏటలా సూత్తారు బాబూ,” అన్నాడు, “ఇయ్యాల ఆదోరమే గదా!”