వదులుగా అల్లిన కుర్చీ

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా ముప్పై నిండలేదు గానీ, అప్పటి నా తెలివి తలుచుకుంటే నూరేళ్ళ కిందటి సంగతిలా ఉంటుంది. శ్రీకాకుళం తీరంలో, చేపల వేటకెళ్ళే ఇంట్లో, చూపు లేకుండా పుట్టినవాణ్ణి. మమ్మల్ని దివ్యాంగులనడం అప్పుడప్పుడే మొదలైంది. పేరు మారిందే తప్ప మాకు రాసిపెట్టిన పని మారలేదు. చూపు లేదంటే కుర్చీలకు వైరు అల్లాల్సిందే. గజపతినగరం అవతల ఒక శిక్షణ కేంద్రంలో ఆరునెలలు అదే నేర్పారు. (మా మాస్టారు మాత్రం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. అది కిర్రుమన్నప్పుడల్లా మాకు తెలిసిపోయేది.) "ఇవి ఇప్పుడెవరు కొంతారండి?" అని అడిగితే, "నీకెందుకురా, గవర్నమెంటోల్లు కొంతారు" అనేవాడు.

అసలు నాన్న నన్ను పంపనన్నాడు. అమ్మ పోరు పడలేక బస్సెక్కిస్తూ, "సర్టిఫికెట్టు తెస్తే సరి. నేదంటే ఇంక ఇంట్లోనే కూకోవాల, మల్లీ ఎక్కడికీ పంపను" అన్నాడు. అన్నమాట మీద నిలబడే మనిషి. అందుకే పరీక్ష అనగానే నాకు భయం పట్టుకుంది. జిల్లా నుంచి ఆఫీసరు వచ్చి, మేం అల్లిన కుర్చీలు చూసి పాసో ఫెయిలో చెబుతాడట. వారం తర్వాత అనుకున్నది ఎల్లుండే అన్నారు. ఆ కంగారులో నా వేళ్ళు మాస్టారు చెప్పిన దారి వదిలేసి, వాటికి తెలిసిన దారి పట్టాయి. ఏడేళ్ళప్పుడు తాత నేర్పిన వలముడి అది. పైగా ఆయన మాటొకటి చెవిలో: "వదులుండాల్రా. బిగించేస్తే సేప తగిలి ఎనక్కెలిపోతాది." వదులుంచాను. ముడిముడికీ లాగి చూసుకుని, ఇంత గట్టి కుర్చీ జిల్లాలో లేదని మురిసిపోయాను కూడా. మాస్టారు చూసి ఉంటే ఆపేవాడే. ఆయన ఫ్లెక్సీ కట్టించే పనిలో ఉన్నాడు.

ఆఫీసరు వచ్చి మా మీద పావుగంట ప్రసంగించాడు. (మాకు అంతర్నేత్రం ఉందట. ఎక్కడుందో చెప్పలేదు.) తర్వాత, "ఏదీ, మీ పనితనం చూద్దాం" అంటూ నా కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ కూర్చోవడం ఎంతకీ పూర్తి కాలేదు. కాస్త చూపున్న పాతపట్నం కుర్రాడు నా చెవిలో, "ఒరే, ములిగిపోనాడ్రా. మోకాళ్ళు గెడ్డానికి తగిలీసినాయి" అన్నాడు. గింజుకున్నకొద్దీ వైరు సర్దుకుని ఇంకా పట్టేసింది. మాస్టారు ఒక చెయ్యి, ఆఫీసరు డ్రైవరు ఒక చెయ్యి పట్టి లాగితే కుర్చీతో సహా లేచాడట. చివరికి కుర్చీని ఎవరో కాలితో తొక్కిపడితే ఊడివచ్చాడు. ఒక్క ముడి వీడలేదు.

"ఏటిరా సేసినావు" అన్నాడు మాస్టారు. నాకు నాన్న మాట గుర్తొచ్చింది. ఆఫీసరు రొప్పుతూనే ఆ అల్లికంతా తడిమాడు.

"వలలా ఉందేమిటయ్యా ఇది? ఎవరు నేర్పారు?"

"మా తాతండి."

"ఇంకా ఏమొచ్చు నీకు?"

ఆరునెలల్లో నన్ను ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే, అదీ వలలో పడ్డాక. నాకు విసురువల వచ్చు, లాగుడువల వచ్చు, చిరుగు ఎక్కడుందో తడిమి కలపడం వచ్చు, తాడు పేనడం వచ్చు. కానీ అప్పుడు సర్టిఫికెట్టు తప్ప నాకింకేమీ తోచలేదు. "కుర్చీలు అల్లడం వచ్చండి" అన్నాను.

ఆయన "అది తెలిసిందిలే" అని, మాస్టారితో, "పాస్ చేసేయండి. ఫోన్లో వీడియో తీసినవాళ్ళు మాత్రం అది చెరిపేయండి" అని వెళ్ళిపోయాడు.

సర్టిఫికెట్టు చేతిలో పెడితే నాన్న మాట తప్పకుండా నన్ను ఉద్యోగం వెతుక్కోమని విజయనగరం పంపాడు. అక్కడ తిరిగిన ఏ ఆఫీసులోనూ అల్లే కుర్చీ లేదు. ఇప్పుడు ఒడ్డున కూర్చుని ఊరివాళ్ళ వలలు బాగుచేస్తున్నాను, తిండికి లోటు లేదు. అయినా ఆ ప్రశ్నకు ఆ రోజే నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదా అని ఒక్కోసారి బాధగానే ఉంటుంది. ఏమయ్యేది, వలల కోర్సని ఒకటి పెట్టి, అది నేర్పడానికి మా మాస్టార్నే వేసేవారు. అంతదాకా ఆలోచించేసరికి నవ్వొచ్చి, ఆ పిరికి కుర్రాణ్ణి క్షమించేస్తాను.