పెద్ద ఆడిటర్ల పట్టిక

నేను చెప్పేదాంట్ల సగం కోతలే ఉంటయని ముందే ఒప్పుకుంటున్న. జల్‌పల్లి నుంచి శాలిబండకు పోయే షేర్ ఆటోల నలభై మందిమి కూసున్నమంటే, కొంచెం తగ్గించి చదువుకోండ్రి.

నా పక్కన ఒక అమ్మాయి, బీరువా అంత థీసిస్ ఒడిల పెట్టుకొని ఇరుక్కున్నది. “ఏందమ్మా గది?” అనడిగిన.

“పీహెచ్‌డీ అన్నా. పెద్ద ఆడిటర్లను పెట్టుకున్న కంపెనీల లెక్కలు సాఫ్‌గ ఉంటయి. అది ఆడిటర్ల గొప్పతనమా, లేక సాఫ్‌గ ఉన్న కంపెనీలే వాళ్ల దగ్గరికి పోతున్నయా అని చూసిన.”

“ర్యాంకొచ్చే పిల్లలనే ఏరి చేర్చుకొని, మా వల్లనే ర్యాంకులని ఫ్లెక్సీలు కట్టే కాలేజీ లెక్క!”

“అచ్చం గంతే. గణాంక పద్ధతులతోని ఆ రెండూ విడదీస్తే, ఆడిటర్ల గొప్పతనం ఏం మిగల్లే. మా గైడ్ సార్‌కు పేరొచ్చిందే ఆ గొప్పతనం మీద రాసి. ఏం మిగల్లేదని చూపెట్టే ఆ ఒక్క పట్టిక తీసేస్తెనే థీసిస్ మీద సంతకం పెడతడంట.”

“మరేం చేస్తవ్?”

“తియ్య! సంతకం ఆయన దగ్గరనే ఉంచుకోమను!” అని చార్మినార్ అదిరేటట్టు అరిచింది. ఆటో అంతా చప్పట్లు. డ్రైవర్ భాయ్ కిరాయి కూడా తీసుకోలే.

ఇగ ఇండ్ల ఏది అబద్ధమో చెప్పాలె. నలభై కాదు, తొమ్మిది మందిమి. గది ఫికర్ చేసేంత అబద్ధం కాదు. నేను పుట్టించింది ఆ అరుపు. నిజంగైతే ఆమె మెల్లగ, “తీసేసిన అన్నా, ఇంక ఎన్నేండ్లు తిరుగుత?” అన్నది. నడుమ ఒక ముసలామె ఎక్కితే, వానకు తడిసిన సీటును ఆ పట్టిక కాగితంతోనే తుడిచి జాగ ఇచ్చింది.