తడి వల

నేను పుట్టింది పెద్ద ఊళ్ళో, కాపురానికొచ్చింది చిన్న ఊరికి. మధ్యలో ఇసుక, సరుగుడు తోట. ఐస్ వ్యాను పెద్ద ఊరి ఒడ్డుకే వస్తుంది. మా చేపల గంపలు అక్కడికే మొయ్యాలి, ఆ ఊరివాళ్ళ మాటే వినాలి. వ్యాపారి రేటు తగ్గించినప్పుడల్లా వాళ్ళు వేట బంద్ అంటారు. మేమూ పడవలు ఒడ్డుకి లాగేస్తాం. ఆ రోజుల్లో నేను వీధిలో కనబడితే మా ఊరి ఆడవాళ్ళు మాట మార్చేసేవారు. నాకు ఒళ్ళు మండేది.

మొన్నామధ్య బంద్ నాలుగో రోజున అమ్మని చూడ్డానికి పెద్ద ఊళ్ళో అన్నయ్య ఇంటికి వెళ్ళాను. వదిన ఎండుచేపల కూర వడ్డించి, "యేట నేదు కదా, ఇదే గతి" అంది. అడక్కుండానే ఎందుకు చెప్పిందా అనిపించింది. చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకెళితే కొబ్బరిచెట్ల కింద టార్పాలిన్ కప్పిన వల. ఎండలో ఆరాల్సిన వలని కప్పడమెందుకు? లోపలికి చెయ్యి పెట్టాను. తడి. వేళ్ళకి పొలుసులంటుకున్నాయి.

అందరినీ ఒడ్డున కట్టేసి వీళ్ళు మాత్రం వేరేచోట అమ్ముకుంటున్నారు. చెబితే పుట్టింటిని బజారుకీడ్చినట్టు. చెప్పకపోతే మా పడవ ఇసుకలోనే ఉంటుంది, పిల్లలకి గంజే. దారంతా నాలో నేనే దెబ్బలాడుకుని, చివరికి అత్తకి చెప్పాను. నమ్మాలా వద్దా అన్నట్టు నా మొహంలోకి చూసి అంది:

"నువ్వు సూసినావు. మనూరు సూడనేదు. అడిగితే రేపు మన గంపలు ఆ ఐసు యేనులోకి ఎక్కించుకోరు."

అత్త గుట్టుగా ఊళ్ళోవాళ్ళ చెవిన వేసినట్టుంది, తరవాతి బంద్‌కి మా పడవలు కూడా తెల్లారకముందే వేటకి వెళ్ళొచ్చాయి. చేపలు నౌపడ వైపు ఆటోలో పోయాయి. ప్రతి గుమ్మం ముందూ పాత వల ఆరేసి ఉండేది, తడిది లోపలి గదిలో.

మూడో రోజు అన్నయ్య వచ్చాడు. వల పక్కనే కూర్చుని, కబుర్లు చెబుతూనే దాన్ని వేళ్ళతో నలిపి చూశాడు.

"మీవోలు యేటకెల్నేదు కదా, సెల్లీ?"

"నేదన్నా. పెద్దూరి మాట కాదని ఎక్కడికెల్తారు?"

నా గొంతు వణకలేదు. అందుకే నాకు భయమేసింది. లోపలి గది తలుపు వేసి, అన్నం పెట్టాను. ఎండుచేపలు, వంకాయ.

అన్నయ్య నావైపు చూడకుండా ముద్ద కలుపుకున్నాడు.

"మీ వదిన కూడా ఆయేల నీకిదే ఎట్టింది కదా."

చిన్నప్పట్నుంచీ నా చేతి కూర మారు అడిగి మరీ తినేవాడు. ఆ రోజు నేను గరిటె ఎత్తితే కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.