బావగారు గిన్నెలు తోమే వేళ

ఆవిడ ఆ ఇంటికి చిన్నకోడలిగా వచ్చింది. ఇప్పుడు ఆవిడకే కోడలుంది. మధ్యలో చేసిన ఘనకార్యం అంటూ ఒక్కటే: బావగారి చేత గిన్నెలు తోమించింది.

బావగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఏ మాటొచ్చినా ముందు తానే తేల్చేసి "రైట్" అనేవారు. ఇక బండి కదలాల్సిందే. అలాగే ఒకసారి ఇంటికి ముదురు వంకాయ రంగు వేయించారు. అది ఎవరికీ నచ్చలేదని వేశాక తెలిసింది. బావగారికీ నచ్చలేదు. తమ్ముడికి, అంటే ఈవిడ భర్తకు, ఇష్టమేమో అనుకున్నారట. తమ్ముడేమో అన్నయ్యకు ఇష్టమనుకున్నాడు.

అప్పుడు ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. పెద్ద విషయం వస్తే బావగారు పెరట్లో కుళాయి తిప్పి గిన్నెల ముందు కూర్చోవాలి. లోపల అందరికన్నా చిన్నవాళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్కరూ మనసులో మాట చెప్పాలి. ఆఖరున ఆయన వచ్చి తన మాట చెప్పాలి. ఎక్కువమంది ఎటుంటే అటు. బావగారు మొదట గుర్రుమన్నారు. తర్వాత పీచు ఎక్కడుందని అడిగారు.

భర్త పోయాక మేడమీది గది సంగతి వచ్చింది. ఆయన అందులో కూర్చుని మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసేవారు. ఖాళీ చేయాలా, అలాగే ఉంచాలా? అందరూ ఉంచమంటారనే ఆవిడ ధీమా. బావగారిని పెరట్లోకి పంపింది.

"ముందు నువ్వు చెప్పవే అమ్మాయ్," అంది కోడలితో.

"తిట్టరుగా అత్తయ్యా? ఖాళీ చేసేద్దాం. ఆ గదిలోకి వెళ్లొచ్చిన రోజు మీరు అన్నం ముట్టరు. మీరు తినలేదని మీ అబ్బాయీ తినడు. మరి నేను ఎవరికి వండినట్టు?"

కొడుకు తల దించుకున్నాడు. "నా మాటా అదేనమ్మా."

తోడికోడలు పెరటివైపు చూసింది. "ఆయనేమంటారో..."

"ఆయన మూకుడుతో కుస్తీ పడుతున్నారు. నువ్వు చెప్పక్కా."

"తీయించెయ్ చెల్లీ. నిన్నిలా చూళ్లేకపోతున్నాను."

బావగారు తడిచేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. "ఎవరేమన్నా సరే, మా తమ్ముడి గది ముట్టుకోవడానికి వీల్లేదు. రైట్!"

పాత పద్ధతయితే గది దక్కేది. తనకు కావలసిన మాట అన్న ఒకే ఒక్క మనిషిని ఆవిడ కాసేపు చూసింది.

"ముగ్గురు అటున్నారు బావగారూ. మనిద్దరమే ఇటు."

"అయితే ఏంటమ్మా? గది నీ మొగుడిది. నువ్వు ఊఁ అను చాలు."

"పద్ధతి పద్ధతే."

తాళంచెవి తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. తర్వాత కోడలివైపు తిరిగి, "ఇంతకీ ఇవాళ ఏం వండావు?" అంది.