సగం నవల, సగం ఊరగాయ

మా అమ్మాయికి బడిలో అట్టముక్కలతో ఇల్లు కట్టుకురమ్మని చెప్పారు. మొన్న ఆదివారం కడదామని కూర్చుంటే సీసాలో జిగురు అయిపోయింది. దుకాణానికి వెళ్ళే ఓపిక లేక చిన్న గిన్నెలో కాస్త మైదా వేసి, నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టాను. అది చిక్కబడుతూ బుడగలు చిమ్ముతుంటే లేచిన ఆ ఉడికీ ఉడకని పిండి వాసన ఉంది చూశారూ, పురుగు పట్టకుండా కలిపే చిటికెడు మైలతుత్తం అందులో పడితే ఇంకేం అక్కర్లేదు, అచ్చంగా మేడ్చల్ గ్రంథాలయం వాసనే. నాగారంలో మా మూడో అంతస్తు వంటింట్లో నిలబడి, గరిటె తిప్పడం మరిచిపోయి, జిగురును అడుగంటించాను. మా అమ్మాయి వచ్చి ముక్కు మూసుకుంది. దానికేం తెలుసు.

అప్పటి మేడ్చల్‌కు ఇప్పటి తొందర లేదు. నిజామాబాద్ రోడ్డు మీద లారీలు పోతూనే ఉండేవి కానీ ఊరు వాటిని పట్టించుకునేది కాదు. ఎండాకాలం మధ్యాహ్నాలు రైలు స్టేషన్ వేపచెట్ల కింద కుక్కలూ ముసలివాళ్ళూ ఒకే నీడలో సర్దుకుని కునుకు తీసేవాళ్ళు, శామీర్‌పేట వైపు నుంచి గాలి మళ్ళితే ద్రాక్షతోటల వాసన, పండినవీ రాలినవీ కలిసిన ఒక తియ్యటి పులుపు, బజారు దాకా నడిచివచ్చేది. ఆ బజారు వెనక సందులో, పెంకుల వరండా ఉన్న రెండు గదుల ఇంట్లో గ్రంథాలయం. ముందు గదిలో పొడుగాటి బల్ల, దాని చుట్టూ ఒక్క పేపరును నాలుగు ముక్కలు చేసుకుని చదివే పెద్దమనుషులు, వెనక గదిలో పుస్తకాల అరలు. సెలవుల్లో నేను ఎండన పడి తిరగకుండా మా అమ్మ నన్ను అక్కడికి తరిమేది. నేను మాత్రం అక్కడి చల్లటి నాపరాళ్ళ కోసం, మరియమ్మక్క కొంగులో మూటగట్టి ఉండే వేయించిన పల్లీల కోసం పోయేదాన్ని.

అక్కడ పుస్తకం మనం ఎంచుకోవడమంటూ ఉండేది కాదు. పనిచేసేవాళ్ళు ముగ్గురు, ముగ్గురికీ మూడు పిచ్చులు. గ్రంథపాలకురాలు సుశీల మేడంకు కుటుంబ నవలలు ప్రాణం. అత్తాకోడళ్ళు, అపార్థాలు, ఆఖరి పేజీలో కన్నీళ్ళు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి సంబంధం తప్పిపోయినా, ఆమె ఒక నవల తీసి చేతిలో పెట్టి, "ఇది చదువు, మనసు తేలికైతది" అనేది. అరల్లోంచి పుస్తకాలు తీసి అందించే యాదగిరన్నకు డిటెక్టివ్ నవలలు తప్ప మిగతావి పుస్తకాలే కావు. "మస్తుంటది, తెల్లందాక నిద్ర పట్టది" అనేవాడు, నిద్ర పట్టకపోవడమేదో వరమైనట్టు. గదులు ఊడ్చి, కుండలో నీళ్ళు నింపే మరియమ్మక్క చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఆమెకు వంటల పుస్తకాలు ఇష్టం, అందులో ఊరగాయలవి మరీ ఇష్టం. వండడానికి కాదు, చదవడానికి. "సదువుతాంటెనే కడుపు నిండుతది బిడ్డా" అనేది. గడపలో మనిషి కనబడితే చాలు, మొహం చూసి, ముగ్గురూ ఒకేసారి లేచేవాళ్ళు. ఎవరి పుస్తకం ముందు చేతిలో పడితే ఆ పూట వాళ్ళదే గెలుపు. పోలీసు ఉద్యోగం పరీక్షకు చదువుకుందామని వచ్చిన ఒకాయన నిమ్మకాయ, ఉసిరికాయ పచ్చళ్ళ పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగి పోవడం నేను కళ్ళారా చూశాను.

ఒక ఏడాది ద్రాక్ష కోతలప్పుడు మా తాత పోయాడు. శామీర్‌పేట దగ్గర ఒక తోటలో తాతా అవ్వా కలిసి పనిచేసేవాళ్ళు. తాత పందిళ్ళ కింద వంగి నడుస్తూ గుత్తులు కోస్తే, అవ్వ చెట్టు నీడలో కూర్చుని చిన్న కత్తెరతో చెడిపోయిన పండ్లు తీసేసి, గడ్డి పరిచిన చెక్కపెట్టెల్లో పేర్చేది. ఆ పని చేసినంతసేపూ ఆమె నోరు ఆగేది కాదు. తోటి ఆడవాళ్ళకు కథలు, తాతకు తిట్లు, మాకు సామెతలు. మేము తోటకు పోతే ఆమె ఒళ్ళో ద్రాక్షలు తింటూ ఆ గొంతు వింటూనే నిద్రపోయేవాళ్ళం. అలాంటి అవ్వ, నాయిన తనను మేడ్చల్ తీసుకొచ్చిన రోజు నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. తనతో తెచ్చుకున్న ఇనుప ట్రంకు పెట్టె మంచం కింద పెట్టించుకుని, తాళంచెవి కొంగుకు ముడేసుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ అన్నం కలిపి పెడితే పిడికెడు తినేది, పచ్చిపులుసు చేసి పెట్టినా అంతే. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు. ఒక సాయంత్రం వాకిట్లో నాయిన అమ్మతో మెల్లగా అన్న మాట నా చెవిన పడింది.

"అవ్వ గిట్లనే ఉంటే తాత ఎనకనే పోతది."

మర్నాడు గ్రంథాలయంలో ఆ మాట చెప్పి ఏడ్చాను. ముగ్గురూ లేచారు. అవ్వకు చదువు రాదు కాబట్టి నేను మధ్యాహ్నం పూట మంచం పక్కన కూర్చుని పైకి చదివి వినిపించాలని తీర్మానించారు. ముందుగా సుశీల మేడం నవల. నేను నాలుగు రోజులు గొంతు ఎండేలా చదివాను. అవ్వ గోడవైపు నుంచి ఇటు తిరగలేదు. నవలలో అందరూ ఏడ్చారు, అవ్వ తప్ప.

"దుఃఖంల ఉన్న మనిషికి ఏడుపు పుస్తకమేంది మేడం" అన్నాడు యాదగిరన్న, గెలుపు తనదేనన్నట్టు. అతనికి అన్నిటికంటే ఇష్టమైన డిటెక్టివ్ నవల ఒకటి ఉండేది కానీ అది అప్పటికి వరండాలో విడి కాగితాలుగా పడి ఉంది. ఎండాకాలం వాళ్ళకు బైండింగు కాలం. చినిగిన పుస్తకాలన్నీ కుట్లు విప్పి, కట్టలు కట్టలుగా నేలమీద పరిచి, రాళ్ళు బరువు పెట్టి, మైదా జిగురు కాచుకుని, ముగ్గురూ తలా ఒక దబ్బనం పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఎవరికి ఇష్టమైన పుస్తకాలు వాళ్ళే కుట్టుకోవాలి, వేరేవాళ్ళను ముట్టనిచ్చేవాళ్ళు కాదు. ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆకాశం ఎర్రమట్టి రంగుకు తిరిగి గాలిదుమారం లేచింది. రాళ్ళు రాళ్ళుగానే ఉన్నాయి, కాగితాలు మాత్రం సందులోకి, పక్కింటి గోడ మీదికి, ఎవరిదో బర్రె వీపు మీదికి ఎగిరిపోయాయి. పేపరు చదివే పెద్దమనుషులతో సహా అందరం వాటి వెంట పరిగెత్తాం. మట్టివాసన, దాని వెనకే చినుకులు, గాల్లో అక్షరాలు. ఇప్పటికీ ఆ దృశ్యం కలలోకి వస్తుంది, కలలో ఆ కాగితాలు కిందికి దిగవు.

ఏరుకొచ్చిన కాగితాలను యాదగిరన్న పేజీ నంబర్లు చూసి వరుసగా పేర్చి, కుట్టి, అట్టవేసి, అది ఆరకముందే నా చేతిలో పెట్టాడు. నంబర్లు సరిపోయాయి కదా, ఇంకేం చూడాలి అనుకున్నాడు పాపం.

కథ బాగుంది. పెద్ద బంగళా. ఇంటి యజమాని మాయమైపోతాడు. ఆయన గదిలో ఒక అల్మారా. దాని తాళం ఇంటావిడ ఎవ్వరికీ ఇవ్వదు. రెండో రోజు చదువుతుంటే అవ్వ వెల్లకిలా పడుకుంది. మూడో రోజు ఆమె చెవి నావైపే ఉందని నాకనిపించింది. నేను బడిలో పాఠం అప్పజెప్పే గొంతుతో గబగబా చదివేస్తున్నాను: డిటెక్టివ్ తాళం పగలగొట్టాడు, అల్మారా తలుపు కిర్రుమని తెరుచుకుంది, లోపల... పేజీ తిప్పాను... ఎండిన మామిడి ముక్కలకు ఉప్పు, కారం, ఆవపిండి పట్టించి జాడీకి ఎత్తుకోవాలి, నూనె ముక్కల పైన తేలాలి...

"ఆగు."

ఎవరు మాట్లాడారో నాకు వెంటనే అర్థం కాలేదు. వంటింట్లో అమ్మ చేతిలోంచి గిన్నె జారిన చప్పుడైంది.

"గా మామిడికాయ ముచ్చట నాకెందుకు? అల్మార తెరిసిండు గద. లోపట ఎవలున్నరు?"

నేను పేజీలన్నీ తిప్పాను. ఆవకాయ, మాగాయ, చింతకాయ తొక్కు. యాదగిరన్న డిటెక్టివ్ నవల ముందు సగానికి మరియమ్మక్క ఊరగాయల పుస్తకం వెనక సగం వచ్చి అతుక్కుంది. మిగిలిన రెండు సగాలూ కలిసి ఇంకో పుస్తకమై, మరియమ్మక్క చేతుల మీదుగా ఒక కొత్త కోడలికి చేరి, ఆమె భర్తకు బదిలీ అయి నిజామాబాద్ వైపు వెళ్ళిపోయింది. ఆవకాయ కలుపుదామని తెరిచిన ఆ పిల్లకు ఎవరి శవం ఎదురైందో దేవుడికే తెలియాలి.

అవ్వ మాత్రం పట్టు వదల్లేదు. రోజూ అదే ప్రశ్న. నేను పరిగెత్తుకుంటూ పోయి యాదగిరన్నను అడిగితే అతను తల గోక్కున్నాడు. "మస్తు సదివిన గద బిడ్డా, అన్నీ కలిసిపోయినయ్. మేనల్లుడే అయ్యుంటడు. ఆస్తికోసమైతే ఎప్పుడైనా మేనల్లుడే." అవ్వకు చెప్పాను. "మేనల్లుడు బొంబైల ఉన్నడని నువ్వే సదివితివి. ఆడెట్లొస్తడు?" అంది. సుశీల మేడం తన ముగింపు పంపింది: భార్యకు తన మీద ఎంత ప్రేముందో చూడాలని భర్తే అల్మారాలో దాక్కున్నాడు, ఆమె ఏడుపు విని బయటికొచ్చాడు. అది వినగానే అవ్వ లేచి కూర్చుంది.

"పెండ్లాం ఏడుస్తదా లేదా అని దాసుకొని సూసేటోడు మొగుడా? ఆడు సస్తేనే నయం."

అన్నాక ఆ మాట ఆమెకే వినబడింది. ముఖం మాడిపోయింది. మళ్ళీ గోడవైపు తిరిగింది. ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు, మర్నాడు కూడా. నాయిన పనికి పోకుండా మంచం పట్టె మీద కూర్చున్నాడు. చేతికందిన అవ్వ మళ్ళీ జారిపోతోందని నాకు భయం పట్టుకుంది.

గ్రంథాలయంలో ముగ్గురూ పరేషాన్ అయ్యారు. సుశీల మేడం తనను తాను తిట్టుకుంది. అప్పటిదాకా ఏ ముగింపూ చెప్పని మరియమ్మక్క చీపురు పక్కనపెట్టి, నా పక్కన కూర్చుని ఒక్కటే అడిగింది.

"గా ఇంటామె అన్నం తింటాందా? మీ అవ్వనడుగు."

ఇంటికి పోయి అడిగాను. అవ్వ గోడవైపే చూస్తూ, "ఎట్ల తింటది" అంది. ఇంకాసేపటికి, "ఎవలడిగిన్రు?" అంది. చెప్పాను. అవ్వ లేచింది, జుట్టు ముడేసుకుంది, గోడ పట్టుకుని నిలబడింది. "నడువు. నేనే జెప్తా."

తాత పోయాక ఆమె గడప దాటడం అదే మొదలు. నా భుజం మీద చెయ్యేసి, ఎండలో ఆగి ఆగి నడిచి, ఎప్పుడూ చూడని ఆ గ్రంథాలయంలోకి వచ్చి బెంచీ మీద కూర్చుంది. పేపర్ల చప్పుడు ఆగిపోయింది. మరియమ్మక్క నీళ్ళు తెచ్చిచ్చింది. అవ్వ నీళ్ళు తాగి ఆమెతోనే మాట్లాడింది, మిగతావాళ్ళు లేనట్టే.

"అల్మారల ఎవలు లేరు. ఆయన అంగీలుంటయి, తువ్వాలలుంటయి. గంతే. మనిషి పోయిండు. ఆమెకు ఎర్కనే. గందుకే తాళం ఇయ్యలేదు."

మరియమ్మక్క ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అవ్వ ఏడ్చింది. తాత పోయిన రోజు కూడా ఏడవని మా అవ్వ, పరాయివాళ్ళ మధ్య, జిగురు వాసనలో, గుక్కపట్టి ఏడ్చింది. యాదగిరన్న మొహం అటు తిప్పుకున్నాడు. సుశీల మేడం నవలల్లో చదివినన్ని కన్నీళ్ళూ ఆ రోజు నిజంగానే కార్చింది.

ఇంటికొచ్చాక ట్రంకు పెట్టె బయటికి లాగమంది. తాళం తీసింది తనే. తాత అంగీలు, తువ్వాలలు, ద్రాక్షమరకలు పోని ఒక పంచె. ఒక్కొక్కటీ వాసన చూసి, మడత విప్పి, మళ్ళీ మడతపెట్టి, ఒక అంగీ నాయిన ఒళ్ళో పెట్టింది. మృగశిర కార్తె మొదలయ్యే మిరుగు రోజున బజారులో చేపలు రాగానే, పులుసులో చింతపండు చాల్లేదని అమ్మను సాధించింది. ఆ సాధింపు వింటూ అమ్మ నవ్వుతూ కళ్ళు తుడుచుకోవడం నాకు గుర్తుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది అవ్వ. వారం వారం గ్రంథాలయానికి వచ్చి, నాతో ఏదో ఒకటి చదివించుకుని, రాసినవాడికి వంకలు పెట్టి పోయేది.

ఇప్పుడు ఆ సందు లేదు, రోడ్డు వెడల్పులో కలిసిపోయింది. శామీర్‌పేట తోటల చోట ప్రహరీగోడలూ పెళ్ళి మండపాలూ లేచాయి. గాలి ఎటు నుంచి వీచినా దుమ్మే తప్ప ద్రాక్ష వాసన రాదు. గ్రంథాలయానికి మంచి భవనం కట్టారు, పోటీ పరీక్షల పిల్లలతో నిండుగా ఉంటుంది, సంతోషమే. ఆ ముగ్గురూ లేరు, అవ్వ లేదు. పుస్తకాలకేం, ఫోన్ మీద వేలు పెడితే మీకు నచ్చేవి ఇవీ అని వంద చూపిస్తుంది.

పోయినేడు మా అమ్మ పోయింది. చాలా రోజులు నాకు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. మా ఆయన వంట చేసి పెట్టాడు, అమ్మాయి పక్కన కూర్చుంది, ఫోన్ తన వంద పుస్తకాలూ చూపించింది. ఆ ముగ్గురే ఉండి ఉంటే, నా మొహం చూడగానే లేచి, పోట్లాడుకుంటూ తలా ఒక పుస్తకం నా చేతిలో పెట్టి ఉండేవాళ్ళు. మూడూ నాకు పనికిరానివే అయి ఉండేవి. అయినా మూడూ చదివేదాన్ని.