ఆపడం వేరు, చెరపడం వేరు

కృత్రిమ కాళ్లు తయారుచేసే ఆ కేంద్రంలో ఆమెను అందరూ వద్దక్క అంటారు. కంప్యూటర్ల గది ఆమెది. ఫలానాది తీసెయ్యమని ఎవరొచ్చి అడిగినా ఆమె నోట ముందు వచ్చేది ఆ మాటే. ఆ పేరును ముఖం మీదే అంటారు, ఆమె ఉలకదు.

గది పెద్దదేమీ కాదు. ఒక పక్క ప్లాస్టర్ బస్తాల గోదాము, ఇంకో పక్క పాదాలు చెక్కే వర్క్‌షాపు. మధ్యలో ఎప్పుడూ హోరుమనే ఇనుప పెట్టె. ఆ ఒక్క పెట్టెలో కేంద్రం కంప్యూటర్లన్నీ కాపురముంటున్నాయి. వాటికి విడిగా ఒళ్లు లేదు, వర్చువల్ మెషీన్లంటారు. ఒకే ఇంట్లో గదులు పంచుకున్న అద్దెవాళ్ల లాంటివి. ఒకదాన్ని చెరిపేయడానికి చిటికెడు పని చాలు. చెరిపినదాన్ని తిరిగి తేవడానికి బ్రహ్మ దిగిరావాలి.

ఆ మెషీన్లలో ఒకదానిలో అక్కడికి వచ్చిన ప్రతి మనిషి కాలి కొలతా ఉంటుంది. తెగినచోట ఎక్కడ గుంట, ఎక్కడ గట్టు అన్నదంతా స్కాన్ చేసి దాచినది. ఎక్కడో దూరాన ఉన్నవాడి కృత్రిమ కాలు విరిగితే, మనిషి రాకుండానే ఇంకొకటి చేసి పంపుతున్నారంటే ఆ కొలత ఉండబట్టే.

నిరుడు ఆమె కాన్పు సెలవులో ఉండగా, మేనేజరు పిలిపించిన కాంట్రాక్టరు కొలతలను పాత మెషీన్ నుంచి కొత్తదానికి మార్చాడు. పాతది ఖాళీ కొంపలా మిగిలింది. ఇప్పుడు పెట్టె నిండిపోయింది. కొత్త స్కానరు వచ్చి అట్టపెట్టెలోనే కూర్చుంది. దాని సాఫ్ట్‌వేరుకు ఇనుప పెట్టెలో చోటు కావాలి.

"ఆ పాతది తీసెయ్యమ్మా," అన్నాడు మేనేజరు గుమ్మంలోంచే.

"ఆపుతాను సార్. తీసెయ్యను."

"రెండూ ఒకటే కదా!"

"ఆపడమంటే ఇంటికి తాళం వెయ్యడం. తీసెయ్యడమంటే ఇల్లు కూల్చడం."

ఆపింది. వర్క్‌షాపులో పని ఆగలేదు. పాదాలు చెక్కే పెద్దాయనను అందరూ బాబాయ్ అంటారు. ఆయన గోడ అవతలి నుంచి కేకేశాడు. "నా కాళ్లన్నీ క్షేమం! నడిచి ఎక్కడికీ పోలేదు!"

మేనేజరు మళ్లీ వచ్చాడు. "ఆకాశం ఏమైనా ఊడిపడిందా?"

"లేదు."

"మరి కానియ్."

"వద్దు సార్."

"కారణం?"

"ఇంకా దొరకలేదు. ఆ కాంట్రాక్టరు ఏం మార్చాడో, ఎలా మార్చాడో నేను చూడలేదు. చూడనిదాన్ని చెరపను."

"అయితే రేపట్నుంచి ముందు కౌంటర్లో కూర్చుని టోకెన్లు ఇద్దువుగాని."

"ఇస్తాను. మీకంత తొందరైతే మౌస్ ఇదిగో. మీ చేత్తో కానివ్వండి."

మేనేజరు మౌస్ వైపు చూశాడు. చెయ్యి జేబులోనే ఉండిపోయింది. "పొగరు!" అని గొణుక్కుంటూ వెళ్లాడు.

ఇంట్లోనూ అదే గొడవ. అత్తగారు చంటిపిల్లను జోకొడుతూనే కొడుకుతో అంటోంది. "నేను దాచుకున్న డబ్బా ఒక్కటి మిగలనిచ్చిందా? అక్కడేమో చచ్చిన మెషీన్ని పట్టుకుని వేలాడుతోందట!"

"మూత తీసి చూశాకే పారేశాను అత్తయ్యా."

"ఉద్యోగం పోతేనో?"

"పోతే పోనీ. ఊరి జనం కాళ్లు పోగొట్టిందని మాత్రం అనిపించుకోను."

మర్నాడు ఆమె పాత మెషీన్ జోలికి పోలేదు. మిగతావాటిని ఒక్కొక్కటే తెరిచి, ఏది తన సరుకు ఎక్కడ దాచుకుంటోందో చూసింది. కొత్త మెషీన్ దగ్గర ఆగిపోయింది. కాంట్రాక్టరు కొలతలను కాపీ చెయ్యనే లేదు. శ్రమ ఎందుకని పాతదాని డిస్కునే కొత్తదానికి తగిలించి చక్కా పోయాడు. ఇల్లు ఖాళీ చేశాడనుకున్న అద్దెవాడి వంటింట్లోనే కొత్తవాడి పొయ్యి వెలుగుతోందన్నమాట. పాతదాన్ని ఆపినా డిస్కు ఉంటుంది కాబట్టి పని నడిచింది. చెరిపితే దాంతోపాటు డిస్కూ పోయేది.

మేనేజరుకు తెర మీద చూపించింది. ఆయన ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "సరే, కాపీ తీసి చెరిపెయ్," అన్నాడు.

"విడిగా వేరే డిస్కులోకి తీశాను. అయినా వద్దు."

"ఇంకా ఏం కావాలి తల్లీ నీకు?"

"తెరిచి చూడని కాపీని నేను కాపీ అనను."

వర్క్‌షాపులో బల్ల మీద ఒక బస్సు కండక్టరు విరిగిన కాలు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. వద్దక్క అతని కొలతను కాపీలోంచి తీసి బాబాయ్‌కి ఇచ్చింది. ఆయన యంత్రంతో నురగదిమ్మను ఆ కాలి ఆకారంలో చెక్కించి, దాని మీద ప్లాస్టిక్ తొడుగు పోసి అతనికి తొడిగాడు.

"ఇదిగో, ఇక్కడ పాతది గుచ్చుకునేది," అన్నాడు కండక్టరు. "ఇదీ సరిగ్గా అక్కడే గుచ్చుతోంది."

"అయితే కొలత అసలైనదేనయ్యా!" బాబాయ్ తొడ చరిచాడు. "గుచ్చేది నేను గీకుతాలే."

ఆమె ఇంకా నాలుగైదు కొలతలు అలాగే తెరిపించింది. తర్వాత డిస్కును పాతదాని నుంచి విడదీసి కొత్తదాని సొంత చోటికి మార్చింది. మళ్లీ తెరిపించి చూసింది. మేనేజరు వెనకే నిలబడ్డాడు.

"పోనీ... ఇవాళ్టికి ఉండనిద్దామా?" అన్నాడు మెల్లగా. "తొందరేముంది?"

"ఎందుకు సార్, చోటు కావాలన్నారుగా!" మెషీన్ పేరు పైకి చదివింది. నొక్కింది. పాతది పోయింది. వర్క్‌షాపులో యంత్రం చప్పుడు చెక్కు చెదరలేదు.

మేనేజరు ఊపిరి వదిలి వెనక్కి తిరిగాడు.

"ఆగండి. కాపీ కూడా ఈ గదిలోనే ఉంది. ఇక్కడ నిప్పంటుకుంటే రెండూ ఒకేసారి బూడిదవుతాయి. అవతలి భవనంలో మీ పాత కుర్చీలు పడేసిన గది నాకు కావాలి."

"నిన్న నిన్ను కౌంటర్లో కూర్చోబెట్టి ఉండాల్సింది."

"ఇప్పుడైనా కూర్చోబెట్టండి. ముందు తాళంచెవి ఇవ్వండి." చాచిన చెయ్యి ఆమె దించలేదు. ఆయన జేబులోంచి గుత్తి తీసి, ఆ గది తాళంచెవి ఏదా అని వెతకడం మొదలుపెట్టాడు.