బావ కంప్యూటర్లో ఖాళీగా వదిలిన స్లాట్లు

డయాలసిస్ గదిలో మధ్యాహ్నాలకు ఒక శ్రుతి ఉంటుంది. యంత్రాలన్నీ ఒకే గొంతుతో మెల్లగా నడుస్తుంటాయి. కళ్లు మూసుకుంటే ఎక్కడో తోటల అవతల నామసంకీర్తన జరుగుతున్నట్టు, మాటలన్నీ దారిలో రాలిపోయి శ్రుతి ఒక్కటే గాలిలో వస్తున్నట్టు అనిపిస్తుంది. టెక్కలిలో అలాంటి ఒక గదిలో, మా బావ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, చాలా మధ్యాహ్నాలు గడిపాను. అక్కడే మేమిద్దరం ఒక కంప్యూటర్‌ను ముక్కముక్కగా ఎంచుకున్నాం.

బావ అంటే మా చెల్లి భర్త. ఇద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం. వాళ్లది సంతబొమ్మాళి వైపు సముద్రపు ఒడ్డు ఊరు. కొబ్బరితోట దాటితే ఇసుక, ఇసుక దాటితే నీళ్లు. జబ్బు పడక ముందు అతను సరుకు ఓడల మీద పనిచేసేవాడు. ఉద్దానంలో కిడ్నీల జబ్బు గురించి కొత్తగా చెప్పడానికి ఏముంది? ఓడ దిగాడు, మళ్లీ ఎక్కలేదు. రోజుకు ఇన్ని నీళ్లని చెంబుతో కొలుచుకుని తాగే మనిషికి సముద్రం ఇంట్లోకి వినిపించే చప్పుడుగా మిగిలింది.

నేను పలాసలో ఉంటాను. బడిలో తెలుగు చెబుతాను, శనివారాలు భజన మండలిలో పాడతాను. సెలవు రోజుల్లో బావను టెక్కలి తీసుకెళ్లడం నా వంతు.

కొన్నాళ్లకు అతను రానని మొండికేయడం మొదలుపెట్టాడు. కోపంతో కాదు. చెల్లి చొక్కా పట్టుకుని నిలబడితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఏం తింటావన్నా, టీవీలో ఏం పెట్టమంటావన్నా ఒకటే జవాబు, "ఏదో ఒకటి." ఒక రోజు చెల్లి పెరట్లో నన్ను ఆపింది.

"అన్నియ్యా, ఈ మడిసికి ఏటీ ఒద్దంట. పేనం మీద కూడా ఆశ నేదు. ఇలగైతే ఆస్పత్రికి రాడం మానేత్తాడు. నువ్వు దేవుడికి దగ్గిరోడివి కదా, ఏటో ఒకటి సెయ్యి."

మా తాత పురాణం చెప్పేవాడు. కోరిక తాడులాంటిదని, అది తెగితేనే జీవుడికి ఒడ్డు దొరుకుతుందని వింటూ పెరిగినవాణ్ని నేను. దాన్ని ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ శనివారం తాళాలు పట్టుకుని కూర్చున్నప్పుడు స్వామిని ఏమడిగానంటే, మా బావకు ఒక కోరిక ఇవ్వమని అడిగాను. చిన్నదైనా ఫరవాలేదు, లోకులు నవ్వేదైనా ఫరవాలేదు. అలా అడగవచ్చో లేదో మండలి పెద్దలను అడగలేదు. తాడు తెగడం వేరు, తాడు జారిపోవడం వేరు. నా చెల్లి ఇంట్లో జరుగుతున్నది రెండోదని నాకు తెలుసు.

జవాబు నా ఫోన్లోనే వచ్చింది. డయాలసిస్ గదిలో ఊసుపోక ఏవో వీడియోలు తిప్పుతుంటే, ఎవరో కంప్యూటర్ ఆటలో ఓడ నడుపుతున్నాడు. నీళ్లు నిజం నీళ్లలాగే ఉన్నాయి. వాన పడుతోంది. బావ పక్కనుంచి మెడ చాచాడు.

"ఈడెవుడు బావా, రేవులోకి అలగ తిప్పుతున్నాడు? గోడకి గుద్దీసినాడు సూడు!"

నవ్వాడు. చాలా రోజుల తర్వాత విన్న నవ్వు. పైకప్పు వైపు చూస్తూ అడిగాడు. "ఇది ఆడాలంటే ఎలాటి కంప్యూటర్ కావాల?"

నాకు తెలియదు. ఇద్దరం ఆ ఫోన్లోనే వెతకడం మొదలుపెట్టాం.

అప్పటి నుంచి ఆ గది మాకు బడి అయింది. మేం పెట్టగలిగిన డబ్బు ఇంతేనని ముందే గీత గీసుకున్నాం. ఖరీదైన వాటి జోలికి వెళ్లకూడదు, మరీ చవకవి కొని ఏడవకూడదు. గ్రాఫిక్స్ కార్డు నీళ్లను గీస్తుందనీ, ప్రాసెసర్ ఓడ బరువునూ గాలినీ లెక్కగడుతుందనీ అతను వీడియోల్లో చూసి నాకు చెప్పాడు. ఒకటి బలమైనదై ఇంకొకటి నీరసమైనదైతే డబ్బు దండగ. నాకది వెంటనే అర్థమైంది. మృదంగం మోత ఎక్కువై పాడేవాడి గొంతు సన్నగా ఉంటే ఆ భజన ఎవరికీ వినబడదు.

"అదేదో నువ్వే కనిపెట్టినట్టు సెప్తావేటి?" అన్నాడు బావ.

కరెంటు పెట్టె, అదే ఎస్‌ఎంపీఎస్, మంచిది కావాలని అతను పట్టుబట్టాడు. వాళ్ల ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎంత జోరుగా వస్తుందో ఎవరికీ తెలియదు. "ఇంజను ఎంత గొప్పదైతే ఏటి, కరెంటు సరిగా నేకపోతే ఓడ రేవు దాటదు." అన్నిటినీ బిగించే పై పెట్టె ఉప్పుగాలికి తుప్పు పట్టనిది కావాలని నేనన్నాను. పెట్టెకు రంగురంగుల లైట్లు కావాలని అతనన్నాడు.

"లైట్లెందుకు బావా, సోకు కాకపోతే?"

"మీ భజన మందిరానికి సీరియల్ లైట్లేత్తే బక్తి. నా పెట్టికేత్తే సోకా?"

పక్క మంచం మీది ముసలాయన పడీపడీ నవ్వాడు. లైట్లకు ఒప్పుకున్నాను.

ఇలా వారాలు గడిచాయి. ఎంచుకున్నది మార్చేవాడు, మార్చినదాన్ని మళ్లీ తెచ్చేవాడు. ఇంటికి వచ్చే దారిలో, జీడితోటల మీద ఎండ వాలుతుంటే, నా వెనక బండి మీద కూర్చుని నిద్రలో మాట్లాడుతున్నట్టు ఆ ముక్కల పేర్లు చెప్పుకునేవాడు. నాకు ఆ పేర్లు జపంలా వినిపించేవి. డయాలసిస్‌కు రానని ఒక్కసారీ అనలేదు. అయితే నాలో ఒక భయం మొదలైంది. ఎంపిక అయిపోతే? పెట్టె ఇంటికొచ్చి, ఓడ రేవు దాటి, ఇక కావలసింది ఏమీ లేకపోతే?

అందుకే మెమరీ దగ్గర నేను మొండికేశాను. మెమరీ ముక్కలు గుచ్చే సందులు, అంటే స్లాట్లు, నాలుగున్న బోర్డు తీసుకుందాం, మెమరీ ముక్క మాత్రం ఒకటే కొందాం అన్నాను.

"ఇవి జతగా ఏత్తేనే జోరు బావా. ఎద్దులైనా రెండుంతాయి కదా."

"రెండోది తర్వాత చూద్దాం. ఆ మిగిలింది గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టు."

"ఓరి పిసినారి పంతులా!" అన్నాడు. నేను కారణం చెప్పలేదు.

కొన్న ముక్కలన్నీ బావ ఇంటికి వచ్చాక మంచి రోజు చూసి నేను వెళ్లాను. బావ చేతులకు అలుపు ఎక్కువ. అతను చెబుతుంటే నేను బిగించాను. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చుంది, కార్డు కూర్చుంది. మెమరీ పెట్టబోతుంటే అత్త, అంటే బావ తల్లి, పళ్లెం పట్టుకుని వచ్చింది. ఇంట్లోకి బండి వచ్చినా, మోటారు వచ్చినా, కుట్టుమిషను వచ్చినా ఆమె చేతి అక్షింతలు పడనిదే అది పని మొదలుపెట్టకూడదు. నేనే మంత్రం అందుకున్నాను. కొబ్బరికాయ వాకిట్లో కొట్టాం. తెరిచి ఉన్న పెట్టె మీద నలుగురం అక్షింతలు వేశాం. అత్త గుప్పెడు నిండా వేసింది. పైకి కనబడిన గింజలన్నీ ఏరి, మెమరీ పెట్టి, మీట నొక్కాం.

ఫ్యాన్లు తిరిగాయి. లైట్లు నీలంగా, ఆకుపచ్చగా వెలిగాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

మళ్లీ నొక్కాం. అంతే.

"దేవుడికి ఇట్టం నేదు కాబోలు," అంది అత్త, పళ్లెం కింద పెట్టేస్తూ. బావ మెల్లగా మంచం మీద వాలి గోడవైపు తిరిగాడు. ఆ వీపు చూసి చెల్లి నా వైపు చూసింది. తోట అవతల సముద్రం ఎప్పటిలాగే మోగుతోంది. నేను మనసులో స్వామిని పిలిచాను. కొత్తగా ఏమీ అడగలేదు, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవద్దని మాత్రం అన్నాను.

కాసేపటికి గోడవైపు నుంచే గొంతు వచ్చింది.

"బావా. ఆ మెమరీ ముక్క సరిగా కూకుందా?"

"కూర్చుంది."

"రెండు కొసలూ టక్కుమన్నాయా?"

ఒక కొస అనలేదు. ఆ మాట చెప్పగానే అతను ఇటు తిరిగాడు. "కరెంటు తీసీ. ముక్క పీకీసి పక్క స్లాట్లో ఎట్టు. ఖాళీవే కదా అన్నీ!"

పెట్టాను. ఈసారి రెండు కొసలూ టక్కుమన్నాయి. మీట నొక్కితే తెర మీద తెల్లటి అక్షరాలు తేలాయి. చెల్లి చేతులు జోడించింది. కరెంటు మళ్లీ ఆపి, బావ ఫోను లైటు పాత స్లాట్లోకి వేశాడు. సన్నటి ఆ సందు అడుగున, పసుపుగా, విరిగిన బియ్యపు గింజ ఒకటి హాయిగా పడుకుని ఉంది.

"అమ్మా, నీ దీవెన ఇక్కడ ఇరుక్కుంది!"

అత్త నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆమే చీపురులోంచి ఒక కొబ్బరి ఈనె తెచ్చి ఇచ్చింది. చెల్లి దాంతో గింజను పైకి తీసి, పారేయడానికి మనసొప్పక, భర్త తల మీద వేసింది.

ఆట ఎక్కించుకునేసరికి ఎండ తగ్గింది. తెర నిండా నీళ్లు వచ్చాయి. అతను ఏ రేవుకూ వెళ్లలేదు. ఓడను నడిసముద్రంలోకి తీసుకెళ్లి ఇంజను ఆపాడు. ఆ నీళ్లు అలా ఊగుతుంటే, కిటికీ లోంచి నిజం చప్పుడు వచ్చి కలిసింది. మేం నలుగురం ఏదో దర్శనానికి వచ్చినట్టు నేల మీద కూర్చుండిపోయాం. నీళ్లు కొలుచుకుని తాగే మనిషి అంత నీటి మధ్యన దాహం లేకుండా ఉన్నాడు.

రెండు రోజుల తర్వాత మళ్లీ టెక్కలి వెళ్లాలి. దారంతా నాకు ఒకటే దిగులు. గుమ్మంలో బండి ఆపేసరికి బావ చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఇప్పుడా రాడం? ఎప్పుడనగా తయారైనాను." బండి ఎక్కుతూ నా భుజం మీద చెయ్యి వేశాడు. "వాన పడేటప్పుడు ఓడ కొంచెం ఆగాగి ఎల్తంది బావా. ఆ రెండో ముక్క ఏత్తే సరిపోద్ది. ఏది కొందుమో ఇయ్యాల సూద్దుం."

బోర్డులో ఇంకా ఎన్ని స్లాట్లు ఖాళీగా ఉన్నాయో తలుచుకుంటూ బండి నడిపాను.